పార పట్టిన మనిషికి ఒకరోజు సెలవు

నర్సీపట్నం, పెదబొడ్డేపల్లి,
18 జూన్ 2002.

చిరంజీవి సోమేశ్‌కి మీ మంగరాజు మావయ్య దీవెనలు. ఇక్కడ సిమెంటు రేటు తప్ప అందరం కులాసా. హైదరాబాదు వెళ్లాక నువ్వు కాస్త ఒళ్లు చేశావని మీ అమ్మ చెప్పింది. సంతోషం.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్లో ఎవరైనా ఏదైనా ఒప్పేసుకుంటారు. ఇన్నేళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నవాణ్ణి, నాకు తెలీదా! కాగితం మీద పడ్డ మాటని తప్పించుకోవడం కష్టం. అందుకని నువ్వు కూడా జవాబు కాగితం మీదే రాయి.

సంగతేమిటంటే, నాకొక వెబ్‌సైటు కావాలి.

మన్మథరావుగారని మన ఊరాయనే, భిలాయిలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పుట్టిన ఊళ్లో ఒక కల్యాణ మండపం కట్టించాలని ఆయనకి కోరిక. మొన్న వచ్చినప్పుడు వెళ్లి కలిశాను. నేను కట్టిన ఇళ్ల గురించి మొదలుపెట్టేసరికి చెయ్యెత్తి ఆపేసి, "నీకు వెబ్‌సైటు ఉందా? అడ్రసు ఇచ్చెయ్, భిలాయి వెళ్లి తీరిగ్గా చూసుకుంటాను" అన్నారు. పక్కనే నాకు పోటీవాడు దేవుళ్లు మేస్త్రి రంగురంగుల విజిటింగ్ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు వెనకాముందూ తోచలేదు. "ఉందండీ, రంగులేస్తన్నాం" అనేశాను. నోటికి అలవాటైన మాట కదా, దానంతటదే వచ్చేసింది.

అల్లుడూ, నా బతుకంతా ప్రహరీ గోడలూ బాత్రూములూ మేడమీద గదులూ చిన్నచిన్న ఇళ్లతోనే గడిచిపోయింది. దారిన పోయేవాడు ఆగి "ఇది మంగరాజు కట్టిందిరా" అనుకునే పని ఒక్కటీ పడలేదు. ఆ మండపం నాకు కావాలి. పగటిపూట కూడా అదే కల వస్తోంది.

నువ్వు కంప్యూటరు కంపెనీలో చేసేది ఈ పనే కదా. మీ అమ్మ ఇంటిమీద నీ గది నేను కడుతున్నాను. నాకు వెబ్‌సైటు నువ్వు కట్టు. ఎన్నాళ్లు పడుతుందో మాత్రం సూటిగా రాయి.

సున్నం చేతులతోనే సంతకం చేస్తూ,
నీ మావయ్య మంగరాజు.

తా.క.: నీ గది గురించి దిగులు పెట్టుకోకు. స్లాబు ఆరింది. ఇక మిగిలింది ఒక్క వారం పని.


హైదరాబాదు, అమీర్‌పేట,
27 జూన్ 2002.

మావయ్యగారికీ జోగులత్తకీ సోమేశ్ నమస్కారాలు. నేను ఒళ్లు చేసిన మాట అబద్ధం. అమ్మకి పంపిన ఫోటోలో చొక్కా నాది కాదు.

వెబ్‌సైటా? దానికి ఇంత ఉత్తరం ఎందుకు మావయ్యా! ఎడంచేత్తో చేసే పని అది. ఒక్క వారం చాలు. మా ఆఫీసులో నా కింద ఐదుగురున్న టీము ఉంది. పొద్దున చెబితే సాయంత్రానికి సగం లేపేస్తారు. మీరు కట్టిన ఇళ్ల ఫోటోలు పంపండి, మిగతాది నాకు వదిలెయ్యండి.

ఇప్పుడు నా సంగతి. నక్కపల్లి నుంచి సాయిలక్ష్మి వాళ్ల నాన్నగారు జగదీశ్వరరావుగారు ఫోన్ చేశారు. "ఏటి బాబూ, మా అమ్మాయి కొత్తకాపరం కింద హాల్లో పెట్టమంటావా? పై గది అయ్యాకే ముహూర్తం" అన్నారు. నిశ్చితార్థం రోజున ఆయన ముందే మీరు "శ్రావణానికి తాళాలు చేతిలో పెడతానండీ" అన్నారు, గుర్తుందా? శ్రావణం దాటితే మళ్లీ మంచి ముహూర్తం మాఘంలోనేనట. మావయ్యతో అనవలసిన మాట కాదు గానీ, సాయిలక్ష్మి లేకుండా మాఘం దాకా ఉండటం నావల్ల కాదు.

గది కోసం ఎదురుచూస్తూ,
మీ అల్లుడు సోమేశ్.

తా.క.: ఒక్క వారం అన్నారు. మామూలు వారమా, మేస్త్రీల వారమా?


నర్సీపట్నం,
16 జూలై 2002.

చిరంజీవి సోమేశ్‌కి మావయ్య దీవెనలు, జోగులత్త దీవెనలు విడిగా.

నీ వారం ఏ వారమో నాదీ అదే వారం. ఇక పనిలోకి వద్దాం.

ఫోటోలు పంపుతున్నాను. మనకి ఇంటి ఫోటో తీసేది గృహప్రవేశం రోజునే కదా, అందుకని ప్రతిదానిలోనూ ముందు ఆవు ఉంటుంది. ఒకదానిలో పంతులుగారి వీపు కూడా ఉంది. వాటిని పట్టించుకోకు. వెనకాల కనిపించేదంతా నా పనే.

ఈ పార్సిల్లోనే ఐదు తువ్వాళ్లు కూడా పెట్టాను. ద్వారబంధం ఎత్తే రోజున పనివాళ్లకి తువ్వాళ్లు పెట్టడం మన ఆనవాయితీ. ఎర్ర అంచుది హెడ్డు మేస్త్రికి, మిగతావి నలుగురికీ. ద్వారబంధం కింద వెయ్యడానికి నవధాన్యాలు చిన్న పొట్లం కట్టి పెట్టాను. కంప్యూటర్లో ఎక్కడ వెయ్యాలో నీకే తెలుస్తుంది. ఇంకో మాట, ఐదుగురినీ ఒకేచోట కూర్చోబెట్టకు. కబుర్లలో పడితే సాయంత్రానికి తాపీలు కూడా తడవవు.

నీ గదికి చిన్న ఇబ్బంది వచ్చింది. ఏట్లోకి నీళ్లు రావడంతో ఇసుక బళ్లు ఆగిపోయాయి. ఇసుక వచ్చినా లాభం లేదనుకో, ప్లాస్టింగ్ చేసే గంగులు కొయ్యూరు అత్తవారింటికి వెళ్లి కూర్చున్నాడు. వాళ్లమ్మని అడిగితే, "కోళ్లు అయిపోతే ఆడే వస్తాడు బాబూ" అంది. అత్తవారికి ఎన్ని కోళ్లున్నాయో ఆవిడకి తెలీదు.

పని మీదే ఉన్న,
మంగరాజు.

తా.క.: జగదీశ్వరరావుగారు మళ్లీ అడిగితే రంగులేస్తున్నారని చెప్పు. అందులో అబద్ధమేం లేదు. ఎప్పటికైనా వేస్తాం కదా.


హైదరాబాదు,
29 ఆగస్టు 2002.

మావయ్యగారికి నమస్కారాలతో, శ్రావణం పోగొట్టుకున్న సోమేశ్ రాయునది.

రంగులేస్తున్నారని చెప్పాను. "ఏ రంగు?" అని అడిగారు. ఇద్దరం ముందు అనుకోవాల్సింది.

వెబ్‌సైటు కాస్త ఆలస్యమైంది. మా బాసు చేపల చెరువుల వాళ్ల పని ఒకటి నెత్తిన పెట్టాడు. దానికితోడు మీ ఫోటోలు. అన్నిట్లోనూ ఒకటే ఆవు మావయ్యా! ఊరంతటికీ ఆ ఒక్క ఆవేనా? ఇళ్లకంటే అదే బాగా పడింది. మా ఆఫీసులో చూసినవాళ్లంతా పశువుల డాక్టరు వెబ్‌సైటా అని అడుగుతున్నారు.

మన్మథరావుగారు చూస్తే ఖాళీగా కనపడకూడదు కదా, ప్రస్తుతానికి ఒక పేజీ పెట్టాను. అందులో ఒక మనిషి పారతో మట్టి తీస్తున్నట్టు కదిలే బొమ్మ ఉంటుంది. పని జరుగుతున్న సైట్లకి అందరూ పెట్టే బొమ్మే. దాని కింద తెలుగులో "పని జరుగుతోంది, త్వరలో మీ ముందుకు" అని రాసి, మీ ఫోన్ నంబరు ఇచ్చాను. మన ఊళ్లో అబీద్ సెంటర్ దగ్గర అనురాధగారు ఇంటర్నెట్ సెంటరు పెట్టారట, వెళ్లి చూడండి. అడ్రసు వెనకాల రాశాను, మన్మథరావుగారికీ పంపండి. మిగిలింది ఒక్క వారం పని.

మాఘం మీదే ఆశ పెట్టుకున్న,
సోమేశ్.

తా.క.: తువ్వాళ్లు మా టీముకి తెగ నచ్చాయి. ఐదూ రోజూ వాడకంలోనే ఉన్నాయి. నవధాన్యాలు గోడవారన వేశాను, మొలకలొచ్చాయి.


నర్సీపట్నం,
12 సెప్టెంబరు 2002.

చిరంజీవి సోమేశ్‌కి, కొంచెం కోపంగా ఉన్న మావయ్య దీవెనలు.

నేనూ మీ అత్తా అనురాధ సెంటరుకి వెళ్లి నీ పని చూశాం. ఆ పార పట్టిన మనిషి ఎవరురా? మేం వెళ్లేసరికి మట్టి తీస్తున్నాడు. టీ తాగి వచ్చినా తీస్తూనే ఉన్నాడు. అంత తీసినా గొయ్యి పడదు, పక్కన మట్టి కుప్ప పెరగదు. తలకి తువ్వాలైనా లేదు. నేను పంపినవి ఐదున్నాయి కదా, ఒకటి వాడి తలకి చుట్టలేకపోయారా?

మీ అత్తకి కళ్లనీళ్లొచ్చాయి. "ఆ మడిసి ఓపాలైనా కూకుంటాడా, కూకోడా?" అని అనురాధని పట్టుకుంది. "అది బొమ్మ పిన్నీ, ఆగదు" అంది ఆ అమ్మాయి. "బొమ్మయితే మాత్రం! మంచినీల్లియ్యరేటి?" అని మీ అత్త లేచి వచ్చేసింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఇటుకలు దింపించడం మాత్రం బాగుంది. అతని కాళ్ల దగ్గర రెండు వరసలు చూశాను. అనురాధ ఏదో చెప్పబోయింది. "అవి ఇటుకలు కావండీ మేస్త్రిగారూ, మీ మేనల్లుడు తెలుగులో రాశారు. మా కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు, అందుకని ఒక్కో అక్షరమూ ఒక్కో డబ్బాలా కనపడుతుంది" అంది. కంప్యూటర్ల సంగతి ఆమెకి తెలిస్తే తెలియొచ్చు, ఇటుకలు నాకు తెలుసు. తల ఊపి ఊరుకున్నాను.

అసలు తప్పు వేరే ఉంది. కట్టుబడి జరిగే చోట దిష్టిబొమ్మ లేకుండా ఎలా వదిలేశావు? ఇక్కడ వీధిలో నలుగురు చూస్తారనే మనం బొమ్మ కడతాం. నీది ప్రపంచమంతా చూస్తుందంటున్నావే, ప్రపంచం కళ్లు ఊరుకుంటాయా? నీ పని సాగకపోవడానికి కారణం అదే. ముందు దిష్టిబొమ్మ కట్టు, తర్వాత పారకి పని చెప్పు.

మీ అమ్మ నా మీద గట్టిగా ఉంది. "ఏట్రా తమ్ముడూ, గది కడతన్నావా, కోట కడతన్నావా? బేగి కానీ" అంటోంది. గంగులు కబురు పంపాడు. ఇంకా కోళ్లున్నాయట.

నీ మంచి కోరే,
మంగరాజు.

తా.క.: నీ గదికి నేను దిష్టిబొమ్మ కట్టించేశాను. మీసాలు అచ్చు నీ పోలికే వచ్చాయి. మీ అమ్మ చూసి మురిసిపోయింది.


హైదరాబాదు,
21 అక్టోబరు 2002.

మావయ్యగారికీ, ముఖ్యంగా అన్నం మానేసిన అత్తకీ నమస్కారాలు.

దిష్టిబొమ్మ పెట్టాను. గుడ్లురిమి, ఎర్ర నాలుక చాపి ఉంటుంది. మా బాసు చూసి ఇది ఎవరి ఫోటో అని అడిగాడు. మీ అనుభవం గురించీ, మీరు వాడే సిమెంటు గురించీ, మీ మాట నిలకడ గురించీ రోజుకో వరస చొప్పున తెలుగులో చాలా రాసి పెట్టాను. మాట నిలకడ గురించి మాత్రం రెండుసార్లు చెరిపి రాశాను. ఇక ఫోటోల్లోంచి ఆవుని తీసెయ్యడమే మిగిలింది. ఒక్క వారం.

గదిలో ఎంత వరకు వచ్చిందో దయచేసి రాయండి. మీ అమ్మాయిలాంటి సాయిలక్ష్మి కూడా అడుగుతోంది.

సోమేశ్.

తా.క.: అతని తలకి తువ్వాలు చుట్టడం ఇప్పట్లో కాదు. చాలా కష్టమైన పని.


(పోస్టు కార్డు)

నర్సీపట్నం, 11 నవంబరు.

అల్లుడూ, ఇప్పుడే చూసి వస్తున్నాను. గోడ బాగా లేచింది. వరసలు తిన్నగా ఉన్నాయి. కానీ కిటికీకి ఎక్కడా ఖాళీ వదల్లేదు. గుమ్మం కూడా లేదు. లోపలికి మనిషి ఎలా వెళ్తాడు, వెళ్తే గాలెలా ఆడుతుంది? నాకేం పాలుపోవడం లేదు. బేగి రాయి. కార్డులో చోటు చాలక ఇంతటితో, మంగరాజు.


హైదరాబాదు,
18 నవంబరు 2002.

మావయ్యగారికి,

కిటికీ లేదా? గుమ్మం కూడా లేదా? నా గదికా? ఎవరు వదల్లేదు మావయ్యా, కట్టింది మీరేగా! మేస్త్రి మీరు, "నాకేం పాలుపోవడం లేదు" అని నాకు రాస్తే నేనేం చెప్పను?

గాభరాలో సాయిలక్ష్మికి ఫోన్ చేసి చెప్పేశాను. ఆమె వాళ్ల నాన్నగారికి చెప్పింది. ఆయన వెంటనే గొడుగు తీసుకుని, "నేనెల్లి సూసొస్తాను" అన్నారట. ఆదివారం మీ దగ్గరికి వస్తున్నారు. దయచేసి ఈలోపు ఒక్క కిటికీ అయినా పెట్టండి. నా పెళ్లి మీ చేతుల్లో ఉంది. ఇది మాటవరసకి అనడం లేదు.

నిద్రపట్టని,
సోమేశ్.

తా.క.: గోడ పగలగొట్టైనా సరే.


నర్సీపట్నం,
27 నవంబరు 2002.

చిరంజీవి, తొందరపాటు మనిషి సోమేశ్‌కి మావయ్య దీవెనలు.

కార్డులో రాసింది నీ గది గురించి కాదురా, నీ వెబ్‌సైటు గురించి! అందులో ఇటుకలు గుండెల దాకా లేపి కిటికీ వదల్లేదు నువ్వు. నీ గదికి రెండు కిటికీలూ ఒక గుమ్మం ఎప్పుడో పెట్టాను. నన్నంత మాట అన్నావు, పోనీలే, పెళ్లికొడుకువి.

జగదీశ్వరరావుగారు వచ్చారు. చూస్తే గానీ నమ్మనన్నారు. నిచ్చెన ఆనించి పైకెక్కించాను. కిటికీలు తెరిచి చూశారు, మూసి చూశారు, గుమ్మంలో నిలబడి చూశారు. ఆయన మొహం విప్పారింది. అంతా సవ్యంగా అయిపోయేదే. సరిగ్గా అప్పుడే గంగులు కొయ్యూరు నుంచి వచ్చాడు. ఇన్నాళ్లూ రానివాడు వచ్చీ రాగానే పని చూపించాలి కదా, గోడకి ఆనించి ఉన్న నిచ్చెన భుజాన వేసుకుని ఇంకో సైటుకి పట్టుకుపోయాడు. మాకున్నది అదొక్కటే నిచ్చెన. నేను వాడి కోసం తిరుగుతుంటే, వాడు నా కోసం నిచ్చెనతో తిరిగాడట. ఇద్దరం ఒకరికొకరు కనపడేసరికి పొద్దు వాలింది.

ఈలోపు మీ అమ్మ ఆయన్ని ఆకలితో ఉంచలేదు. సిమెంటు మోసే గమేళా కొత్తది కడిగి, తాడు కట్టి, అందులో గారెలు పెట్టి పైకి పంపింది. ఆయన లాక్కుని తిని, మళ్లీ కిందికి దించి, "అప్పయ్యమ్మగారూ, ఇంకో రెండెయ్యండి" అన్నారట. తర్వాత ఆ గచ్చు మీదే ఒక కునుకు తీశారు. దిగాక మాత్రం నన్ను నిలదీశారు.

"ఏటండీ మేస్త్రిగారూ, గది కట్టారు బాగుంది. మెట్లెక్కడండీ?"

"మెట్లు ఆకరున కడతామండీ. ముందే కడితే జనం ఎక్కేసి తడిగచ్చు తొక్కేత్తారు."

"అయితే మా అమ్మాయిని గమేళాలో పంపమంటారా? మెట్లు లేందే ముహూర్తం లేదండీ" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

కాబట్టి అల్లుడూ, ఇక మిగిలింది మెట్లు, ప్లాస్టింగ్, గచ్చు నున్నగా చెయ్యడం, రంగులు. ఒక్క వారం.

నిచ్చెన దొరికిన,
మంగరాజు.

తా.క.: నీ సైటులో గోడలు లేచాయి కాబట్టి తర్వాత స్లాబే. స్లాబు రోజున పనివాళ్లకి విందు పెట్టకపోతే కట్టడం నిలవదు. నేనూ మీ అత్తా నాటుకోళ్లు పట్టుకుని వచ్చే వారం హైదరాబాదు వస్తున్నాం. ఐదుగురినీ ఆకలితో ఉంచు.


హైదరాబాదు,
3 డిసెంబరు 2002.

మావయ్యగారికి అర్జెంటుగా నమస్కారాలు.

మీరు రావద్దు. టికెట్టు కొని ఉంటే వెనక్కి ఇచ్చెయ్యండి. విందు పెట్టడానికి ఇక్కడ ఎవరూ లేరు. టీములో ఒకడు అత్తవారింటికి వెళ్లి ఇంకా రాలేదు. ఒకడికి జ్వరం. ఇంకొకడిని బాసు వేరే పనికి పట్టుకుపోయాడు. నాలుగోవాడు మిగతావాళ్లు వస్తే గానీ తానొక్కడే ఏం చేస్తానంటున్నాడు. ఐదోవాడు ఇప్పుడే వస్తానని వెళ్లాడు.

వాళ్లు రాగానే పని మొదలుపెట్టిస్తాను. ఒక్క వారం ఆగండి. ఈలోపు మెట్లు కట్టండి మావయ్యా. మీకు దణ్ణం పెడతాను.

మీ అల్లుడు,
సోమేశ్.

తా.క.: కోళ్లు మాత్రం గంగులు కంటపడనివ్వకండి.


నర్సీపట్నం,
20 జనవరి 2003.

చిరంజీవి, కాబోయే పెళ్లికొడుకు సోమేశ్‌కి మావయ్య మనసారా దీవెనలు.

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

మన్మథరావుగారు భిలాయి నుంచి వచ్చారు. నేరుగా మా ఇంటికొచ్చి, "నీ వెబ్‌సైటు చూశానయ్యా" అన్నారు. గొయ్యి పడని పారా, కిటికీ లేని గోడా కళ్లముందు కనపడ్డాయి. మీ అత్త వైపు చూశాను. ఆవిడ కాఫీ నెపంతో లోపలికి తప్పుకుంది.

ఆయన కూర్చుని చెప్పుకొచ్చారు. "పెద్దపెద్ద కాంట్రాక్టర్ల సైట్లన్నీ చూశాను. ఒక్కొక్కటీ పేరంటానికి ముస్తాబైనట్టుంది. పని చేస్తున్న మనిషి మాత్రం ఒక్కడు లేడు. భిలాయిలో నేను ఇల్లు కట్టించుకున్నప్పుడు మేస్త్రి పనిలోకొస్తే మా ఇంట్లో పండగ చేసుకునేవాళ్లం. అలాంటిది నీ సైటు ఎప్పుడు తెరిచినా పని జరుగుతూనే ఉంది. ఆదివారం చూశాను, దీపావళి నాడు చూశాను. ఒక్కనాడు పార దించలేదయ్యా! అక్షరాలు మా కంప్యూటర్లోనూ పడలేదు గానీ, చూసిన ప్రతిసారీ ఒక వరస పెరిగింది. పైగా దిష్టిబొమ్మ కూడా కట్టావు. పద్ధతి తెలిసినవాడివి" అన్నారు. నవ్వుతూ అన్నారో నిజంగానే అన్నారో ఇప్పటికీ నాకు తెలీదు.

అంతలో, "ఇప్పుడు నీ పని ఎక్కడ జరుగుతోందో పద, చూద్దాం" అన్నారు. అల్లుడూ, ఆ రోజు నా పని ఎక్కడా జరగడం లేదు. ఆయన్ని మాటల్లో పెట్టి, దొడ్డిదారిన కబురంపి, దొరికినవాళ్లందరినీ మీ ఇంటికి పరిగెత్తించాను. గంగులుని నిచ్చెనతో సహా లాక్కొచ్చారు. మేం వెళ్లేసరికి అందరూ మెట్ల పని మీద పడ్డారు.

కాసేపు చూసి వెళ్లిపోతారనుకున్నాను. ఆయన రిటైరయిన మనిషి, వేరే పని లేదు. మీ అమ్మ వాకిట్లో కుర్చీ వేసింది, గారెలు పెట్టింది. ఇక లేస్తారా? ఎవడైనా చుట్ట కోసం ఆగితే చాలు, "కంప్యూటర్లోవాడు ఆగడే!" అనేవారు. మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. మెట్లయిపోయాయి. చూపించడానికి పని కావాలని ప్లాస్టింగ్ మొదలుపెట్టాం, అదీ అయిపోయింది. గచ్చు అయిపోయింది. రంగులు కూడా వేసేశాం. చివరికి ఇంకేం చెయ్యాలో తెలీక గంగులు తాపీ పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. పని జరుగుతున్నట్టు చూపిద్దామని మొదలుపెట్టాంరా, మాకు తెలీకుండానే పూర్తయిపోయింది! నా సర్వీసులో ఇలా ఎప్పుడూ జరగలేదు.

కల్యాణ మండపం నాకే ఇచ్చారు. మీ అమ్మ వాకిట్లోనే తాంబూలం చేతిలో పెట్టారు. నేను ఏడ్చేశాను అల్లుడూ, పనివాళ్లందరి ముందూ. సంతోషంతోనే ఏడ్చాను.

జగదీశ్వరరావుగారికి కబురు చేస్తే పరుగున వచ్చారు. మెట్లెక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. "ఇప్పుడు బాగుందండీ. కానీ ఆ గమేళా మాత్రం అక్కడే ఉంచండి" అన్నారు. ఆ గచ్చు మీద ఆయనకి పట్టిన కునుకు లాంటిది ఇంకెక్కడా పట్టలేదట, నక్కపల్లిలో అలాంటి పై గది తనకీ కట్టమంటున్నారు. మాఘంలో ముహూర్తం పెట్టేశారు. శుభలేఖ వెనకాల వస్తుంది. సాయిలక్ష్మి కూడా వచ్చి చూసింది. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. మీ అమ్మ కిందినుంచి ఆమెని చూస్తూ నిలబడింది.

నీ ఐదుగురూ ఉత్తిమాటేనన్న సంగతి నీ మొదటి ఉత్తరంలోనే నాకు తెలిసిపోయింది. "నా కింద పదిమంది ఉన్నారు" అని నేను రోజూ చెప్పే మాటే కదా అది! కోళ్లతో వస్తానన్నది నువ్వెలా తప్పించుకుంటావో చూద్దామనే. ఒకడిని అత్తవారింటికి పంపావు చూడు, అక్కడ మీ అత్తా నేనూ పడీపడీ నవ్వుకున్నాం. నా తర్వాత మన ఇంట్లో మేస్త్రి ఎవరా అని బెంగగా ఉండేది. ఆ బెంగ తీరింది.

ఇక ఆ వెబ్‌సైటుని మాత్రం ముట్టుకోకు. పూర్తి చేశావంటే, పని ఎందుకు ఆపేశారని మన్మథరావుగారు నన్ను నిలదీస్తారు. వెబ్‌సైటు కట్టడానికి ఎన్నాళ్లు పడుతుందని రేపు ఎవరైనా నిన్నడిగితే, ఒక్క వారం అని చెప్పు. నేను మండపానికి అదే చెప్పాను.

మెట్ల మీద కూర్చుని రాస్తున్న,
నీ మావయ్య మంగరాజు.

తా.క.: ఒక్కటి మాత్రం మార్చు, ఇది మీ అత్త కోరిక. నీ పెళ్లిరోజున ఆ పార పట్టిన మనిషికి సెలవియ్యి. పార పక్కన పెట్టించి, ఎర్ర అంచు తువ్వాలు తలకి చుట్టి, చేతికో మంచినీళ్ల గ్లాసిచ్చి కూర్చోబెట్టు. కష్టమైన పని అన్నావు, పెళ్లికొడుకువి కాబట్టి చెయ్యగలవు. కింద "ఈ రోజు పని లేదు, మా ఇంట్లో పెళ్లి" అని రాయి. అక్షరాలు ఇటుకలుగా కనపడినా మాకు అర్థమవుతుంది. ఆ రోజు ముందు అనురాధ సెంటరుకి వెళ్లి, ఆ మనిషి కూర్చున్నాడో లేదో చూసుకున్నాకే పెళ్లికి బయల్దేరుతుందట మీ అత్త.